వేలికి చుట్టిన నూలుపోగు

ఆసుపత్రిలో చెత్తసంచి మూతి బిగిస్తుంటే సుమన వేలిలో వాడిన సూది దిగింది. ఎవరో తొందరలో సూదుల డబ్బాలో వేయక సంచిలో పడేశారు. చేతొడుగు మీద ఎర్రటి చుక్క తేలింది. చేతొడుగు లాగేసి, ముల్లు గుచ్చుకున్నట్టే వేలు నోట్లో పెట్టుకుని పీల్చి ఉమ్మేసింది. చెబితే పని మాన్పిస్తారేమోనని నోరు మెదపలేదు.

వలస వచ్చి ఉంటున్న ఉధ్నాలోని గదికి వచ్చేసరికి పాప గుక్కపట్టి ఏడుస్తోంది. అత్త సారక్క పాపను అందించబోతే సుమన వెనక్కి జరిగింది.

"ఏందే, కన్నబిడ్డకు పాలియ్యనీకి గూడ బుగులా?"

"దవాఖాన్ల సూది గుచ్చింది అత్తమ్మా. ఎవరి రక్తమో ఏమో..."

సారక్క ఏళ్లపాటు మరమగ్గాల లూముల్లో నూలు కండెలు చుట్టిన మనిషి. ఇంట్లో ఉన్న కండె నుంచి పోగు తెంపి సుమన వేలి మొదట్లో బిగించి కట్టింది. "లూముకాడ ఏ దెబ్బకైనా గిదే మందు. విషం పైకెక్కది. ఇగ పాలియ్యి."

వేలు కమిలి నల్లబడుతోంది. తేలు విషమైతే ఆగుతుందేమో, రోగం ఆగుతుందా? పాప ఏడుపుకి పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. సుమన ఇక ఉండలేకపోయింది. "జర డబ్బాపాలు పట్టు అత్తమ్మా" అని మళ్లీ ఆసుపత్రికి ఆటో ఎక్కింది.

నర్సు హన్సాబెన్ ఆ కట్టు చూడగానే కత్తెర తీసింది.

"మీ లూమువాళ్లు మనుషుల్ని కూడా దారంతోనే బాగుచేస్తారా?" అని హిందీలో కసిరి, పోగు కత్తిరించి, వేలిని కుళాయి కింద పెట్టి సబ్బుతో కడిగింది. "పీల్చకూడదు, పిండకూడదు, కట్టకూడదు. కడుక్కుని నా దగ్గరికి పరిగెత్తుకు రావాలి, పగలీ, పిచ్చిదానా!"

"పని పోతదని..."

"ప్రాణం కన్నా పనే ఎక్కువా?"

రక్తం తీసుకున్నారు. సూది ఎవరికి వాడిందో తెలియదు కాబట్టి హెచ్‌ఐవీ లాంటివి సోకకుండా మందు వెంటనే మొదలుపెట్టాలన్నాడు డాక్టరు. ఆలస్యమైతే ఫలితం తగ్గుతుందట. పాల సంగతి పిల్లల డాక్టరును అడిగి చెబుతానని, అప్పటిదాకా పాపకు పట్టకుండా పాలు పిండి పారబోయమన్నాడు.

సుమన మాత్ర మింగుతుండగా ఫోను మోగింది.

"బిడ్డ డబ్బాపాలు ముడుతలేదే. పోగు ఇప్పలేదు గదా?"

"కోసేసిన్రు అత్తమ్మా. మందిచ్చిన్రు."

సారక్క గొంతు తగ్గించి అడిగింది: "మందు పడ్డది గదా, ఇగ నీ పాలు తాగొచ్చా?"

ఫోనులో పాప ఏడుస్తోంది. ఆ ఏడుపుకి సుమన జాకెట్టు మళ్లీ తడిసింది. పోగు ఒత్తిన గుర్తు వేలి చుట్టూ ఇంకా పోలేదు.

"ఇంకా తెల్వదు అత్తమ్మా" అంది. ఫోను చెవి నుంచి తీయకుండానే, పాలు పిండడానికి బాత్‌రూమ్ వైపు నడిచింది.