వియ్యపురాళ్ల అలక

పెద్దబాతు మెడ కింది మెత్తటి ఈకలను ఫ్రూమా వేరే గోనెలో వేస్తోంది. ఇరవై రెండేళ్లుగా కోళ్ల అంగడి వెనక అదే పీట, అదే పని. కనుబొమల మీద కూడా తెల్లటి నూగు. మధ్యాహ్నం కూతురి పెళ్లి. ఈ ఒక్కరోజు రానని చెప్పడం ఆమెకు చేతకాలేదు.

"లే, ఇంకోసారి," అంటూ పక్కింటి హోడెల్ పిన్ని వచ్చింది.

యూదుల పెళ్లిళ్లలో వియ్యపురాళ్లు ఆడే అలక నాట్యం ఆ ఊళ్లో పిన్నికే సరిగ్గా తెలుసు. పెళ్లికూతురి తల్లి అలిగి వీపు తిప్పాలి. పెళ్లికొడుకు తల్లి చుట్టూ తిరుగుతూ బతిమాలాలి. మూడో చుట్టుకి గానీ కరగకూడదు. రెండిళ్ల మధ్య రాబోయే కోపాలన్నీ ఆ మూడు చుట్లలోనే తీరిపోవాలి. లేకపోతే పిల్ల నెత్తిన పడతాయని అందరి నమ్మకం.

మూడడుగులు, మడమ దెబ్బ, వీపు. నెల రోజులకు అడుగులు వచ్చాయి, అలక రాలేదు. పిన్ని చేతులు చాచగానే ఫ్రూమా ఇటు తిరిగి నవ్వేసింది.

"మళ్లీ తిరిగావు. మీ ఆయన గిన్నె విసిరినప్పుడూ ఇలాగే నవ్వావా?"

"గిన్నె తీసి కడిగాను పిన్నీ."

"ఈ బాతుకి నేర్పినా వచ్చేది. దానికి పొడవడమైనా తెలుసు."

పందిరి కింద పెళ్లికొడుకు ఆనవాయితీ ప్రకారం గ్లాసును కాలితో తొక్కి పగలగొట్టాడు, ఫిడేలు అందుకుంది. వియ్యపురాలు బ్రైండెల్ రుమాలు ఊపుతూ వచ్చింది. "తప్పంతా నాదే వదినగారూ" అందో లేదో, ఒక్క చుట్టయినా తిరగనివ్వకుండా ఫ్రూమా ఆమెను కౌగిలించుకుంది. జనం నవ్వారు. బ్రైండెల్ నవ్వలేదు.

"మిగతా చుట్లు ఇంటికెళ్లి కోడలితో ఆడుకోవాలి కాబోలు," అంది.

పొద్దు వాలకముందే అత్తింటికి బండి కట్టారు. కూతురు రైజెల్ చేతి ఉన్ని తొడుగు తీసి బావి గట్టు మీద పెట్టి, తల్లి గడ్డం పట్టుకుంది. "నా కోసమైనా అలగలేకపోయావా అమ్మా?"

ఫ్రూమా ఆ చెయ్యి తప్పించుకుంది. బండి దగ్గరున్న బ్రైండెల్ వైపు మూడడుగులు వేసి, బురదలో మడమ కొట్టి, వీపు తిప్పింది.

బ్రైండెల్ రుమాలు తీసింది. ఫిడేలు లేదు. ఒక చుట్టు. రెండు. ఫ్రూమా దవడ బిగుసుకునే ఉంది. మూడో చుట్టుకి తిరిగింది, నవ్వకుండా.

"నా పిల్లని ఏమీ అనొద్దు."

బతిమాలినట్టు లేదు ఆ మాట. బ్రైండెల్ తల ఊపి బండెక్కింది.

బండి వంతెన దాటింది. బావి గట్టు మీద రైజెల్ ఉన్ని తొడుగు ఒకటి మిగిలింది, చెయ్యి ఇంకా లోపలున్నట్టు అయిదు వేళ్లూ ఉబ్బెత్తుగానే.