పది నిమిషాల పడక

రొయ్యల షెడ్డులో తడినేల మీద పదహారేళ్లు నిలబడి రొయ్యలు ఒలిచిన కాళ్లు రామతులసివి. పొద్దు వాలేసరికి పిక్కలు రాళ్లయిపోయేవి. చెప్పుకుంటే ఆమె భర్త ఉమామహేశ్వరం, తన తల్లి మెట్టకూరు దాకా చేపల గంప మోసి కూడా ఏనాడూ కాళ్లు నొప్పని అనలేదనేవాడు. ఆ అత్తగారే, పట్టపగలు ఆడది నడుం వాలిస్తే ఇంట లక్ష్మి నిలవదని చెప్పి మరీ పోయింది. కాపురానికి వచ్చి ఇరవై ఆరేళ్లు, రామతులసి వీపుకు పగటిపూట మంచం ఎరిక లేదు.

చివరికి డాక్టరమ్మ, కాళ్లలో నెత్తురు ఎలా పారుతోందో చూడాలని చీటీ రాసింది. సూదీ లేదు, కోతా లేదు. చేతులకీ కాళ్లకీ పట్టీలు చుట్టి గాలి నింపుతారట. ముందు మాత్రం పది నిమిషాలు కదలకుండా పడుకోవాలంది పరీక్ష చేసే అమ్మాయి ఫిలోమినా.

పడుకుంది. తెర అవతల ఉమామహేశ్వరం దగ్గాడు. చటుక్కున లేచి కూర్చుంది. మళ్లీ మొదటి నుంచి. ఈసారి గొంతు సవరించుకున్నాడు, మళ్లీ లేచింది. ఫిలోమినా తెర తీసి, "బాబాయిగారండీ, తమరెళ్లి టీ తాగి రండి. మీరిక్కడుంటే పిన్నిగారి పరీక్ష రేపటిక్కూడా తెమలదు" అంది.

అప్పుడు ఆనింది వీపు. ఎవరూ ఏమీ అడగడం లేదు. పెళ్లికి ముందు అమ్మ ఒళ్లో తల పెట్టుకుని జడ చిక్కు తీయించుకున్న మధ్యాహ్నాలు ఇలాగే ఉండేవి. అవి ఎటు పోయాయో. చీలమండ దగ్గర చల్లటి జిగురు రాసి పెన్నులాంటిది ఆనించగానే, హోరుమని చప్పుడు, పోటు వేళ గోదారిలా.

"ఏంటమ్మా అది?"

"ఆయ్, మీ నెత్తురేనండి."

ఇంకాసేపు విననిమ్మని అడిగింది.

నెత్తురు బాగానే పారుతోందట, ఎక్కడా అడ్డు లేదట. అలిసిన కాళ్లు, రోజూ కాసేపు ఎత్తున పెట్టుకుని పడుకోమన్నారు. రామతులసికి ఏడుపొచ్చింది. రోగమైనా ఉంటే ఇంట్లో నమ్మేవారు. "చూశావా, ఏమీ లేదన్నారు" అన్నాడు ఉమామహేశ్వరం దారంతా.

మర్నాడు అన్నాలయ్యాక హాల్లో చాప పరిచి, కాళ్ల కింద రెండు తలగడలు పెట్టుకుని పడుకుంది. అతను వచ్చి దగ్గాడు. ఒళ్లు ఉలిక్కిపడింది గానీ లేవలేదు.

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందండి. టీ మీరే పెట్టుకోండి, నాకింకా ఆరు నిమిషాలుంది."