అలమరకి పెట్టిన కిటికీ

స్టవ్ ఆపేసి ఉంది. దాని మీద గిన్నె కూడా లేదు. అయినా గ్యాస్ మీటరు మీద చివరి అంకె మారింది.

"చూశావా బాబూ! మళ్ళీ మారింది!" అని మా ఆవిడ అరిచింది, దొంగని పట్టుకున్నట్టు.

గ్యాస్ కంపెనీ ఆయన మీటరు ముందు గొంతుక్కూచుని ఉన్నాడు. కొత్త మీటరు ఆయన సంచిలోనే ఉంది. బిగించడం ఎంతసేపు! డబ్బు ఎవరు కట్టాలన్నదే తేలలేదు.

"మీటరు దానంతటది పాడైందని తేలితే ఖర్చు కంపెనీదేనమ్మా. తేలకుండా మార్చమంటే మీదే."

"ఎలా తేలుతుంది నాయనా?"

"మీటరు దాటాక ఓ వాల్వు ఉంటుంది. అది కట్టేస్తే ఇంట్లోకి గ్యాస్ రాదు. అప్పుడు కూడా అంకె మారితే తప్పు మీటరుదే. మారకపోతే మీ పైపులో లీకున్నట్టు. ఏదమ్మా ఆ వాల్వు?"

మా ఆవిడ నా వైపు చూసింది. మా బావమరిది నా వైపు చూశాడు. నేను అలమర వైపు చూశాను.

నేను వడ్రంగిని. వంటింట్లో ఆ పైపు, వాల్వు చూడ్డానికి బాగాలేవని అలమర పక్కన టేకు చెక్క దించి మూసేశాను. మేకు లేదు. మర లేదు. గాడిలో గాడి కూర్చుంది. వేలితో తడిమినా అతుకు దొరకదు. వీధిలో వాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు అప్పట్లో.

"వాల్వుకి సమాధి కట్టావు బావా," అన్నాడు బావమరిది.

"ఊడదీయొచ్చా పెద్దాయనా?" అని అడిగాడు గ్యాస్ ఆయన.

"ఊడదు," అన్నాను.

"అయితే నేను మీ ఖర్చు కిందే రాయాలి మరి."

మా ఆవిడ వేళ్ళు నొక్కుకుంటూ నిలబడింది. పొద్దున పూట ఆ వేళ్ళు ముడుచుకోవు. తడి దుప్పటి పిండలేక బకెట్లో అలాగే వదిలేస్తుంది. బట్టలుతికే మిషను కోసం దాచుకుంటూ వచ్చింది. షాపులో మాట్లాడి కూడా వచ్చింది. ఆ డబ్బు మీటరుకి పోతే మిషను మాట మళ్ళీ ఎప్పుడో.

లేచి వెళ్ళి రంపం తెచ్చాను.

"కోస్తావా!" బావమరిది నోరెళ్ళబెట్టాడు. "అక్క దీనికి ఓ మేకు కొట్టుకుంటానంటేనే నెల రోజులు మాట్లాడలేదు నువ్వు!"

"మామూలుగా మాట్లాడేది మాత్రం ఎంత? నాకు తేడా తెలియలేదురా," అంది మా ఆవిడ.

"ముందు మీటరుకి ఇవతలున్న మెయిన్ వాల్వు కట్టెయ్ బాబూ," అన్నాను. కట్టేశాడు.

పెన్సిలుతో నలుచదరంగా గీత గీశాను. మూలన కన్నం పెట్టి రంపం మొన దూర్చాను. టేకు వాసన గుప్పుమంది. మా ఆవిడ "మెల్లగా, మెల్లగా" అంటూ నా చొక్కా పట్టుకు లాగుతోంది. ముక్క ఊడి నా చేతిలో పడింది. లోపల బూజు. బూజు వెనక వాల్వు పిడి.

"దొరికాడు!" అన్నాడు బావమరిది.

గ్యాస్ ఆయన చెయ్యి దూర్చి వాల్వు కట్టేశాడు. మెయిన్ తెరిచాడు. స్టవ్ వెలిగించి చూశాడు. ఊరికే బుస్సుమని ఆగిపోయింది. వాల్వు బాగానే బిగిసింది. స్టవ్ కూడా కట్టేశాడు.

నలుగురం మీటరు ముందు తలలు ఆనించి కూర్చున్నాం. అంకె కదల్లేదు. ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. కదల్లేదు.

"అలమరా పోయె, మిషనూ పోయె," అని బావమరిది గొణిగాడు.

"నోర్ముయ్ రా, దానికి వినపడుతుంది!" అంది మా ఆవిడ, మీటరు వైపు చూపిస్తూ.

అంకె మారింది.

ఇంట్లో పెళ్ళి కుదిరినంత గోల! మా ఆవిడ గ్యాస్ ఆయన రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. బావమరిది నా వీపు మీద ఒక్కటి చరిచాడు. గ్యాస్ ఆయన నవ్వుతూనే మీటరుకీ వాల్వుకీ మధ్య అతుకులన్నిటికీ సబ్బు నురుగు పూశాడు. ఒక్క బుడగ లేవలేదు.

"గ్యాస్ పోయే దారే లేదు. ఇది ఊరికే లెక్కేస్తోంది. ఖర్చు కంపెనీదేనమ్మా!"

"మరి మా బావ అలమర కన్నానికి ఎవరిస్తారయ్యా?"

గ్యాస్ ఆయన తల గోక్కున్నాడు. "దానికి మా దగ్గర రూలు లేదండీ."

కోసిన ముక్క అంచులు అప్పటికే చిత్రిక పడుతున్నాను. చిన్న మడతబందు వేస్తే తలుపవుతుంది. వాల్వుకి వాల్వు, అందానికి అందం. కొత్త మీటరు బిగిసింది. స్టవ్ ఆపితే అంకె బుద్ధిగా నిలబడింది. మా ఆవిడ షాపుకి ఫోను చేస్తోంది, ఇవాళే పంపమని, సాయంత్రం లోపలే కావాలని.

నాకూ ఉత్సాహం ఆగలేదు.

"మిషను వచ్చాక దాని చుట్టూ ఓ టేకు పెట్టె చేస్తాను, కుళాయి కూడా కనపడకుండా," అన్నాను.

"వద్దు!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే, గ్యాస్ ఆయనతో సహా.