గుడ్డ కట్టని తలుపు

ఏటా వానలకు ముందు ఊరి బడిలో సమావేశం జరుగుతుంది. వరద వస్తే ఎవరు ఎటు వెళ్ళాలో అక్కడే అనుకుంటారు. ఆ ఏడు ఊరి ఆసుపత్రి నర్సమ్మ ఒక కొత్త పద్ధతి చెప్పింది. నడవలేని మనిషి ఉన్న ఇంటి తలుపుకు ఎర్రగుడ్డ కట్టాలి. పడవలు బయటి ఊళ్ళ నుంచి వస్తాయి. ఎవరింట్లో ఎవరున్నారో వాళ్ళకేం తెలుసు? గుడ్డ ఉన్న ఇంటి ముందే ఆగుతారు.

ఆ గుడ్డలన్నీ ఊరి దర్జీయే కుట్టాడు. కూలి అడగలేదు. తన తలుపుకు మాత్రం కట్టలేదు. అతన్ని కఠినుడనుకోకండి. కాళ్ళు పడిపోయిన తల్లిని రోజూ తన చేతులతో ఎత్తి స్నానం చేయించేవాడు. మిషను పక్కనే ఆమె మంచం. పడుకునే కాజాలు కుట్టేది.

“ఊరందరికీ కుట్టావు, మనకేదిరా?” అంది తల్లి.

“మనకెందుకమ్మా, నేను లేనా? గుడ్డ కడితే, తల్లిని చూసుకోలేక ఊరి మీద పడేశాడంటారు.”

“అంటే అన్నారు. ఇంకొకళ్ళు ఒక చెయ్యి వేస్తే నీ సొమ్మేం పోయింది?”

“నువ్వు కాజాలు చూసుకో.”

“కాళ్ళు పోయింది నాకు. సిగ్గు నీకెందుకురా?” అని నవ్వింది. దర్జీ మిషను తొక్కాడు.

ఒక మధ్యాహ్నం అతను కుట్టిన బట్టలు ఇవ్వడానికి ఏటి అవతలికి వెళ్ళాడు. ఎగువన చెరువు గట్టు తెగింది. తిరిగి వచ్చేసరికి వంతెన మీద నుంచి నీరు పోతోంది. దిగబోతే జనం వెనక్కి లాగారు. అక్కడికి తన వీధి కనిపిస్తోంది. పడవ వచ్చింది. గుడ్డ ఉన్న పక్కింటి ముందు ఆగి, అక్కడి ముసలాయన్ని ఎక్కించుకుంది. తన తలుపు ముందు ఆగలేదు.

“అయ్యా, ఆ ఇంట్లో మా అమ్మ ఉందయ్యా” అని గొంతు చించుకున్నాడు. ఆ హోరులో ఎవరికీ వినబడలేదు. పడవ మలుపు తిరిగింది.

ఇరుగుపొరుగువాళ్ళు దర్జీ ఇంట్లోనే ఉన్నాడనుకుని బడి మేడ ఎక్కారు. తల్లి సంగతి తనే చూసుకుంటానని ఎప్పుడూ అనేవాడు కదా.

నీరు తీశాక ఆమెను మంచం పక్కన చూశారు.

మరుసటి ఏడు సమావేశంలో ఒకాయన, “మా నాన్న కాస్త మెల్లగా నడుస్తాడంతే. మాకు గుడ్డ వద్దు నర్సమ్మా” అన్నాడు.

వెనక నిలబడ్డ దర్జీ ముందుకు వచ్చాడు.

“అన్నా, నేనూ ఇలాగే అన్నాను. పరువు నిలుపుకున్నాను, అమ్మను పోగొట్టుకున్నాను. ఇంట్లో నడవలేని మనిషి ఉంటే ఊరికి ముందే చెప్పుకోవాలన్నా. మనం దాచిపెట్టిన మనిషిని ఏ పడవా వెతుక్కుంటూ రాదు.”