మూడు వందల పన్నెండు నకళ్ళు

మా సంఘం కార్యదర్శిని అందరం కామాగారు అంటాం. ముప్పై ఏళ్ళు రికార్డుల ఆఫీసులో నకళ్ళు సరిచూసి, కామా తప్పితే కాగితం మొహాన కొట్టిన మనిషి. సంఘంలో ఉన్నవాళ్ళమంతా ఆయన కింద నకళ్ళు రాసి రిటైరైన గుమాస్తాలమే. అసలులో తప్పుంటే నకల్లోనూ ఆ తప్పే ఉండాలి, సొంత తెలివి పనికిరాదు. ఆ అలవాటే మా కొంప ముంచింది.

ఉద్యోగి పోయాక భార్యకో భర్తకో ఇచ్చే సగం పెన్షన్ ఎత్తేస్తామని ముసాయిదా వదిలారు. అభ్యంతరాలుంటే శుక్రవారం సాయంత్రం ఐదులోపల పెన్షన్ శాఖ సోషల్ మీడియా పేజీలో రాయాలట. నాకేమో ఊపిరితిత్తులు పోయాయి. డాక్టరు ఆరు నెలలన్నాడు, అందులో రెండు అయిపోయాయి. పిల్లలు లేరు. ఆ సగం పెన్షన్ తప్ప మా ఆవిడకి వెనకా ముందూ ఏమీ లేదు. అది పోతుందంటే నాకు చావంటే భయం వేసింది, అంతకుముందు వేయలేదు.

కామాగారు గ్రూపులో మెసేజ్ పెట్టారు. "శుక్రవారం పదకొండింటికి అందరూ ఒకేసారి పెట్టండి, అప్పుడే పదిమంది కళ్ళలో పడుతుంది. మీ మాటల్లో రాయండి."

మీ మాటల్లో! ముప్పై ఏళ్ళు సొంత మాట రాస్తే మెమో ఇచ్చిన మనిషి చెప్పాడండీ ఈ మాట. పైగా కింద నమూనాకని ఒక పేరా ఇచ్చారు. ఇంకేముంది, మూడు వందల పన్నెండు మందిమి పొల్లుపోకుండా దించేశాం. చివర "ఇట్లు, మీ పేరు" అని ఉంటే అదీ దించాం. నేనూ అంతే, దాచుకోవడం దేనికి?

అందరిదీ ఒకే మాట కావడంతో పదకొండూ ఐదుకల్లా అందరి ఖాతాలూ మూతపడ్డాయి. మీరు మనిషేనని నిరూపించుకోండి అంది ఫోను. బస్సులున్న బొమ్మలు ఏరమంది. కళ్ళజోడు తుడుచుకుని ఏరాను. మళ్ళీ ఏరమంది. నీ తద్దినం పెట్టా అని ఫోను మంచం మీదికి విసిరాను.

భోజనాల వేళకి, పెన్షన్లు తగ్గించాలని పోరుతుండే పన్నుదారుల వేదిక వాళ్ళు మా పోస్టులన్నీ వరసగా అంటించి, "వీళ్ళు మనుషులు కారు, దొంగ ఖాతాలు" అని రాశారు. అందరూ ఒకటే నవ్వులు. కామాగారికి ఫోన్ చేస్తే, "ఒక్కడైనా మార్చలేదేమయ్యా?" అని ఏడ్చినంత పని చేశారు.

"నేను రాస్తానుండండి" అంది మా ఆవిడ. కుట్టుపని వీడియోలు చూసుకోవడానికి ఆవిడకో ఖాతా ఉంది. ఒక్క వేలితో అరగంట కొట్టి, ఐదుకి పది నిమిషాల ముందు పంపింది. "మా ఆయనకి ఊపిరాడటం లేదు. ఆయన బతికుంటే నాకు సగం పెన్షన్ వద్దు. బతకరంటున్నారు కాబట్టి అడుగుతున్నాను."

చదివి గోడవైపు తిరిగి పడుకున్నాను.

సోమవారం వేదికవాళ్ళు ఆవిడ ఖాతాలోని ఫోటోతో పోస్టరు వేశారు. "నాకు సగం పెన్షన్ వద్దు" అని పెద్ద అక్షరాలు, కింద "ఒక పెన్షనరు భార్య". ముందు మాట కోసేశారు, వెనక మాటా కోసేశారు. మా ఆఫీసులో అలా నకలు తీస్తే ఉద్యోగం ఊడేది. ఆ సాయంత్రమే శాఖవాళ్ళు ఆ పోస్టరు పంచుకుని, చెప్పుకోదగ్గ అభ్యంతరాలేవీ రాలేదు, ముసాయిదా ఖరారైంది అని రాశారు. అబద్ధమని అరుద్దామంటే నా ఖాతా ఇంకా మూసే ఉంది. నేను మనిషినని ఇంకా తేలలేదు.

మా ఆవిడ మందుబిళ్ళ తెచ్చి నా భుజం మీదుగా ఫోన్లోకి చూసింది. కళ్ళజోడు లేదు, అక్షరాలు కనపడలేదు.

"నా ఫోటోనే! ఎంతమంది చూశారు?"

"రెండు లక్షలు."

"అమ్మో! అంతమందిలో మీకెలా ఉందని ఎవరైనా అడిగారా?"

కిందిదాకా వెతికాను. అన్నీ చప్పట్ల బొమ్మలే.

"అడిగారే, చాలామంది అడిగారు" అన్నాను. అసలులో లేని మాట చదవడం నాకదే మొదటిసారి.