తల నెరిసిన కొత్త నర్సు

నలభై ఆరేళ్ల వయసులో తెల్ల యూనిఫాం వేసుకుని ఆమె మొదటిసారి వార్డులో అడుగు పెట్టేసరికి, మంచాల మీద పడుకున్నవాళ్లంతా సర్దుకుని కూర్చున్నారు. తల నెరిసి ఉంది కదా, ఎవరో పెద్ద నర్సు తనిఖీకి వచ్చిందనుకున్నారు పాపం. ఒకావిడ ఎదురొచ్చి, "మేడం, మావారిని ఇంటికెప్పుడు పంపిస్తారు?" అని అడిగింది.

"నేనూ ఇవాళే వచ్చానమ్మా, కనుక్కుని చెప్తానుండు" అంది ఆమె.

అంతకుముందు ఆమె బస్సు కండక్టరు. డ్రైవరే టికెట్లిచ్చే కొత్త బస్సులొచ్చాక కండక్టర్లందర్నీ ఇంటికి పంపేశారు. తోటివాళ్లు తలో దుకాణం పెట్టుకున్నారు. ఆమెకు మాత్రం ఒక ముసలాయన పదే పదే గుర్తొచ్చేవాడు. ఒక మధ్యాహ్నం నడుస్తున్న బస్సులో ఆయన గుండె పట్టుకుని ఒరిగిపోతే, బస్సును నేరుగా ఆసుపత్రికి మళ్లించి, దారి పొడవునా ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన బతికాడు. కానీ ఏం చేయాలో తెలియక తాను ఊరికే కూర్చోవాల్సి వచ్చిన సంగతి ఆమెను వదల్లేదు.

"నర్సింగ్ చదువుతాను" అంటే మొగుడు నవ్వలేదు. "అయితే పొద్దుటి వంట నాకొదిలెయ్" అన్నాడు. మొదట్లో కూరలు మాడాయి. అయినా అందరూ వంక పెట్టకుండా తిన్నారు. కూతురేమో ఎముకల పేర్లు అప్పజెప్పించుకుంటూ, తప్పు చెప్పినప్పుడల్లా అమ్మ నెత్తిన మొట్టికాయ వేసి చిన్నప్పటి బాకీ తీర్చుకుంది.

ఆ వార్డు హెడ్ నర్సు వయసు ఇంచుమించు ఆ కూతురి వయసే. "మిమ్మల్ని పేరు పెట్టి పిలవాలంటే నోరు రావట్లేదండీ" అంది మొహమాటంగా.

"అక్కా అనండి మేడం. పనిలో తప్పు చేస్తే మాత్రం అక్కని కదా అని ఊరుకోకండి."

ఆ రోజే గొడవొచ్చింది. కిటికీ పక్క మంచం మీది వడ్రంగికి సెలైన్ సూది పెట్టాలి. దూలంలాంటి మనిషి, సూదంటే మాత్రం చచ్చేంత భయం. హెడ్ నర్సును చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఈ చిన్నపిల్లతో నాకొద్దు. ఆ పెద్దావిణ్ణి రమ్మనండి."

"ఆ అమ్మాయి చెయ్యి తిరిగిన నర్సు అన్నా. నేనింకా నేర్చుకుంటున్నా. ఆలోచించుకో" అంది ఆమె.

"ఉన్నమాట చెప్పావు కాబట్టి నువ్వే కానియ్యి" అన్నాడాయన కళ్లు గట్టిగా మూసుకుని. హెడ్ నర్సు సరేనన్నట్టు తలూపింది.

నరం తప్పింది. చెయ్యి ఉబ్బింది. "సూదేశావా, మేకు కొట్టావా తల్లీ!" అని ఆయన పెట్టిన కేకకు వార్డంతా నవ్వింది. హెడ్ నర్సు రెండో చేతికి చిటికెలో సూది ఎక్కించింది.

ఆమె దుప్పట్ల గదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకుంటుంటే హెడ్ నర్సు రెండు కప్పుల టీతో వచ్చింది. "మొదట్లో నేను పేషెంటుకు బదులు, అతని చెయ్యి పట్టుకున్న డాక్టరుగారికే గుచ్చానక్కా" అంది. ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. టీ అయ్యాక ఆ పిల్ల తన చేతినే చాపింది. "కళ్లతో వెతక్కండి. వేలితో నొక్కి చూడండి, మెత్తగా తిరిగి లేస్తుంది చూశారా? అదీ నరమంటే."

ఇంటికెళ్లి మొగుడి చెయ్యీ కూతురి చెయ్యీ మార్చి మార్చి నొక్కి చూసింది. "అన్నమైనా తిననిస్తావా?" అన్నాడు మొగుడు, ఎడమ చెయ్యి ఆమెకే వదిలేసి.

మర్నాడు వడ్రంగి సూది మార్చాల్సి వచ్చింది. ఈసారి హెడ్ నర్సే వెళ్లబోయింది.

"ఆగమ్మా" అన్నాడాయన. "నిన్నటావిడే రావాలి. నామీదే మొదలుపెట్టింది, నామీదే నేర్చుకోనీ."

ఆమె తొందరపడలేదు. వేలికి నరం తగిలేదాకా ఆగి సూది దించింది. గొట్టంలో ఎర్రగా రక్తం కనబడింది, నరం దొరికింది.

"ఇంకెంతసేపు?" అన్నాడాయన కళ్లు మూసుకునే.

"అయిపోయిందన్నా."

ఆయన ఒక కన్ను తెరిచి చూసుకున్నాడు. "నిజంగానే!" అని పక్క మంచాలన్నిటికీ చాటింపు వేశాడు.

ఆ సాయంత్రం కాళ్లు పీకుతున్నా చాప మీద కూర్చుని ఆమె ఇంట్లో ఈ కథంతా చెప్పింది. వాళ్లు వింటున్నారని రెండోసారీ చెప్పింది. రెండోసారికి వడ్రంగి ఇంకాస్త లావయ్యాడు, నరం ఇంకాస్త సన్నబడింది.