చుట్టుబాట పందెం

డ్రైవరుగారికి అడవి మీద ప్రేమేమీ లేదు. ఆదివారం దొరికిందంటే దుప్పటి ముసుగు తీయని మనిషి. అలాంటివాడు తెల్లారేసరికి తయారైపోయి, "పద, అడవిలో చుట్టుబాట నడిచొద్దాం" అనేసరికి భార్య బిత్తరపోయింది. జ్వరమేమోనని నుదురు తాకి చూసింది కూడా.

అసలు సంగతి ఆమెకు తెలియదు. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. పోయిన వారం ఒక స్టాపులో, బస్సు ముందు వంగి బూటు లేసు కట్టుకుంటున్న పిల్లవాడు ఆయనకు కనబడలేదు. బస్సు కదిలింది. ఆయా పెట్టిన కేకకు బ్రేకు తొక్కాడు. వాడు నవ్వుతూ పరుగెత్తిపోయాడు గానీ, ఈయనకు మాత్రం ఆ రోజు నుంచి ముద్ద దిగడం లేదు. చూపు తగ్గిందా, లేక ఆ క్షణానికి పరధ్యానమా? కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే తేలిపోతుంది. తేలిపోతుందనే వెళ్ళలేదు. బస్సు మాత్రం నడుపుతూనే ఉన్నాడు.

ఆ అడవిలో బాట పొడవునా చెట్లకు తెల్లరంగు గీతలు వేసి ఉంటాయని, వాటిని చూసుకుంటూ నడిస్తే బయల్దేరిన చోటికే వస్తామని ఎవరో చెప్పారు. దాంతో తన పరీక్ష తనే పెట్టుకుందామనుకున్నాడు. గీతలన్నీ కనబడితే రేపు బస్సెక్కడం, లేకపోతే తాళాలు అప్పగించేయడం. డాక్టరు కంటే చెట్లు నయం, కాగితం మీద రాసివ్వవు.

"పందెం వేసుకుందామా? గీతను ముందు ఎవరు చూస్తే వాళ్ళు గెలిచినట్టు," అన్నాడు.

"నేను గెలిస్తే ఏమిస్తారు?"

"నెల రోజులు వంట నేనే చేస్తా."

"వద్దు బాబోయ్! ఓడిపోతేనే ప్రాణం దక్కుతుంది."

మొదటి గీతలు ఇద్దరికీ తేలిగ్గానే కనబడ్డాయి. తర్వాత చెట్లు చిక్కబడి వెలుతురు తగ్గింది. ఆయన కళ్ళు చికిలించి, "అదిగో, ఆ లావు మాను మీద!" అని అరిచాడు. ఆమె చెట్టు వంక చూసింది, ఆయన వంక చూసింది. "అవునండోయ్, మీరే ముందు," అంది.

ఇక ఆయన్ని పట్టడానికి లేదు. వరసబెట్టి గెలుస్తూ పోయాడు. బాట రెండుగా చీలినచోట తిన్నగా వెళ్ళబోతుంటే, "ఇటు వెళ్దామండీ, నీడగా ఉంది," అని ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. ఇన్నేళ్ళకు చెయ్యి పట్టుకుందని మురిసిపోయాడే తప్ప, మహానుభావుడు ఇంకేమీ ఆలోచించలేదు.

బయల్దేరిన చోటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాక, గుండెల మీది బరువు దిగినట్టయి, సంగతంతా చెప్పేశాడు. పిల్లవాడు, ఆయా కేక, వారంగా నిద్ర లేకపోవడం.

"అందుకే ఈ పందెం! నా కళ్ళకేం కాలేదు. రేపు నిశ్చింతగా బస్సెక్కుతా."

ఆమె బెంచీ మీంచి లేచి నిలబడింది.

"ఏమండీ, మీరు చూపించినవి గీతలు కావు."

"అంటే?"

"బెరడు ఊడిన మచ్చలు. మొదటి రెండు మూడు తప్ప అన్నీ అంతే. వారం నుంచి మీరు నవ్వింది లేదు. చిన్నపిల్లాడిలా సంబరపడుతుంటే కాదనబుద్ధి కాలేదు. ఇందుకోసమని నాకేం తెలుసు!" అని ఏడ్చేసింది.

ఆయనకు ముందు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు. రేపు పొద్దున ఒక్కో స్టాపులో ఎక్కబోయే పిల్లలు వరసగా గుర్తుకొచ్చారు. ఈమె ఇప్పుడు కూడా నోరు విప్పకుండా ఉంటే ఏమయ్యేదో అనుకున్నాడు.

ఫోను తీసి స్కూలు మేనేజరుకు చేశాడు.

"సార్, రేపు నా బస్సుకి ఇంకో డ్రైవర్ని చూడండి. నాకు చూపు ఆనడం లేదు."

"అయ్యో! ఎప్పుడు తెలిసింది?"

ఇప్పుడే అనబోయాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ తన వంకే చూస్తోంది.

"పోయిన వారమే తెలిసింది సార్," అన్నాడు. "తెలిసీ నడిపాను."